ఆదివారం బ్యాచ్

కాఠ్మాండూలోని పుతలీసడక్‌లో, రెండో అంతస్తులో ఒక కంప్యూటరు శిక్షణ కేంద్రం. గురువారం మధ్యాహ్నం. బల్లకు ఇవతల అడ్మిషన్లు చూసే నిర్జల, అవతల ఇప్పుడే వచ్చిన ఒక యువకుడు.

"బేసిక్ మూడు నెలలు, తమ్ముడూ. అడ్వాన్స్ నాలుగు. రెండూ కలిపి తీసుకుంటే..."

"రెండు రోజుల్లో అయ్యేది ఏమైనా ఉందా, అక్కా?"

"రెండు రోజులా? రెండు రోజుల్లో మోమో చుట్టడం కూడా రాదు నీకు."

"నవ్వకండి. శనివారం సెలవు కాగానే, ఆదివారం పొద్దున ఉద్యోగంలో చేరాలి."

"ఉద్యోగం వచ్చాక ఇంకా కోర్సెందుకయ్యా? ఇక్కడికొచ్చే వాళ్లంతా కోర్సు చేసి ఉద్యోగం వెతుక్కుంటారు. నువ్వేమిటి, తిరగేసి వచ్చావు?"

"తిరగేసే వచ్చింది. అది నెట్‌వర్కింగ్ ఉద్యోగం. నాకు నెట్‌వర్కింగ్ రాదు."

"బొత్తిగా రాదా?"

"నోటికి వచ్చు. చేతికి రాదు."

"రౌటర్ ఎప్పుడైనా ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను. మా ఇంట్లోదే. నెట్ పోయినప్పుడల్లా ఆపి మళ్లీ వేసేవాణ్ని."

"అది మా అమ్మ కూడా చేస్తుంది."

"నిన్న బజార్లో నెట్ తీగ కొన్నాను. లాడ్జిలో కూచుని క్లిప్పు బిగిద్దామని చూశాను. లోపల ఎనిమిది రంగు తీగలుంటాయి కదా, ఏ రంగు తర్వాత ఏ రంగో గడగడా చెప్పేస్తాను. వేళ్లు మాత్రం వినవు. గోధుమ రంగుది ఎప్పుడూ పక్కకి జారిపోతుంది."

"సరేలే. నిన్ను ఎక్కడ మొదలుపెట్టించాలో చూడాలి కదా, చిన్న పరీక్ష ఒకటుంది. ఇదిగో, మొదటి ప్రశ్న. ఒక కంపెనీకి రెండు అంతస్తులున్నాయి. పై అంతస్తులో..."

"సి."

"నేనింకా చదవనేలేదు!"

"పై అంతస్తు అని మొదలైతే సి యే. కింది అంతస్తయితే ఎ."

"రెండోది. ఒక ఇంజనీరు..."

"ఒక ఇంజనీరా, కొత్తగా చేరిన ఇంజనీరా?"

"కొత్తగా చేరిన."

"అయితే బి, డి. రెండూ పెట్టాలి."

"ఓరి నాయనా! డంపు బట్టీ కొట్టావా నువ్వు?"

"పరీక్షలో వచ్చే ప్రశ్నలన్నీ జవాబులతో సహా ఇచ్చాడక్కా, మా దాంగ్ జిల్లాలో ఒకతను. అవే వచ్చాయి. అన్నీ పెట్టేశాను. పెద్ద సర్టిఫికెట్టే వచ్చింది. మా అత్తగారు ఫ్రేము కట్టించి దేవుడి పక్కన పెట్టుకున్నారు."

"మరి ఉద్యోగం ఇచ్చినవాళ్లు ఏమీ అడగలేదా?"

"ఫోన్లో మాట్లాడారు, మొహం కూడా చూడలేదు. నెట్‌వర్కు పనిచేయకపోతే ముందుగా ఏం చూస్తావు అన్నారు. సరిగ్గా అప్పుడే లైను తెగింది. మళ్లీ కలిసేసరికి ఆయనకి ఆ ప్రశ్న గుర్తులేదు. సర్టిఫికెట్ ఫోటో పంపమన్నారు. అంతే."

"నెట్‌వర్కే నిన్ను కాపాడిందన్నమాట."

"ముంచింది. లైను ఉండి ఉంటే ఆ రోజే దొరికిపోయి, ఇంట్లో ఉండేవాణ్ని."

"పోనీ వెళ్లి నాకు రాదని చెప్పేయి. నాలుగు తిట్టి పంపేస్తారు. ప్రాణం తీస్తారా?"

"ఎక్కడికి పంపేస్తారక్కా? రెండేళ్లు బావమరిది సిమెంటు కొట్లో ఊరికే కూచుని తిన్నాను. ఒక్కళ్లూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఈ ఉద్యోగం వచ్చిందనేసరికి వీధంతా వచ్చి నుదుట పెరుగు అక్షతలు అద్ది బస్సెక్కించారు. మా ఆవిడ పార్లర్లో పని మానేస్తానని చెప్పేసింది. కడుపుతో ఉంది."

"ఎన్నో నెల?"

"ఐదు."

"రోజంతా నిలబడే పని కదా అది. మానడమే మంచిది."

"అందరూ అదే అంటున్నారు."

"సరే, కంగారుపడకు. మా దగ్గర ఆదివారమే కొత్త బ్యాచ్ మొదలవుతోంది, పొద్దున ఆరింటికి. అందులో చేరిపో. పొద్దున ఇక్కడ నేర్చుకో, పదింటికి అక్కడికెళ్లి చేసెయ్."

"ఆదివారం బ్యాచ్ వద్దు."

"ఏం?"

"ఊరికే. ఇప్పుడు నడుస్తున్న క్లాసులో కూచోనివ్వండి. ఇవాళా రేపూ. వెనక బెంచీలో కూచుంటాను, అలికిడి చెయ్యను. ప్రకాశ్ సార్ ఎలా చెబుతారో చూస్తాను."

"ప్రకాశ్ సార్ పేరు నీకెవరు చెప్పారు?"

"కింద బోర్డు మీద ఉంది కదా."

"ఆయన రేపటిదాకానే. శనివారం దోహా వెళ్లిపోతున్నారు. ఆ క్లాసు చివరికొచ్చేసింది, ఇప్పుడు దూరి ఏం చూస్తావు?"

"చేతులు చూస్తాను. ముందు ఏది పట్టుకుంటారు, తర్వాత ఏది. పిల్లలు తెలియనిది అడిగితే ఏమంటారు..."

"పిల్లలతో నీకేం పని?"

"అంటే... ఆఫీసులోనూ అడుగుతారు కదా."

"నా మాట విని కొత్త సార్ దగ్గర చేరు. ప్రకాశ్ సార్ కంటే పెద్ద సర్టిఫికెట్ ఉందాయనకి. మా ఓనరు బజ్రాచార్య సార్ ఏరి కోరి పట్టుకొచ్చారు."

"అలా అనకండి."

"అనకేం? ఆ సర్టిఫికెట్ పేరు చెప్పే కదా బ్యాచ్ నింపాను. కుర్చీలు చాలక పక్క గదిలోంచి తెప్పించాం. అంతెందుకు, మా తమ్ముడు సువాస్‌ని కూడా అందులోనే వేశాను. మంచిది కాకపోతే సొంత తమ్ముణ్ని వేస్తానా?"

"మీ తమ్ముణ్నా?"

"మా నాన్న వాణ్ని మలేసియా పనికి పంపే ఏజెంటుకి అప్పజెప్పేవాడు. నేనే అడ్డం పడి లాక్కొచ్చాను. ఇక్కడ గట్టిగా నేర్చుకుంటే ఊళ్లోనే ఉంటాడని."

"తీసేయండి."

"ఏమిటీ?"

"మీ తమ్ముడి పేరు తీసేయండక్కా. ఇంకెక్కడైనా చేర్చండి. ఎదురు బిల్డింగులోనూ ఒక సెంటరుంది కదా."

"ఓహో! ఎదురు బిల్డింగువాళ్లు పంపారా నిన్ను, మా అడ్మిషన్లు చెడగొట్టమని?"

"కాదు. నిజంగా కాదు."

"మరి మా కొత్త సారు మీద నీకేం పగ? తెలుసా ఆయన నీకు? అడుగుతుంటే నేల చూపులు చూస్తావేం? ఇంతసేపు కూచుని పేరైనా చెప్పలేదు. పేరేమిటి?"

"తిలక్."

"తిలక్... ఏమిటి?"

"ఘర్తీ. తిలక్ ఘర్తీ."

"అది మా కొత్త సారు పేరు కదా!"

"అక్కా."

"ఉండు. మాట్లాడకు."

"కొత్త సారుని నేనేనని చెబుదామనే మెట్లెక్కాను. తలుపు తీయగానే మీరు 'రా తమ్ముడూ, అడ్మిషనా' అన్నారు. అవునన్నాను. అనేసరికి ఎంత హాయిగా ఉందో!"

"నీ పేరుతో బ్యానరు కట్టించాను నేను. కింద, గేటుకి."

"చూశాను. చాలా పెద్దగా రాయించారు."

"నీకు వేళాకోళంగా ఉందా?"

"లేదక్కా. మీరే ఓనరుకి చెప్పేయండి. నాకు నోరు రావడం లేదు."

"చెబితే ఏమవుతుందో తెలుసా? బ్యాచ్ ఆపేస్తారు. పిల్లలందరికీ ఫీజు వెనక్కి. ఆ ఫీజుతో ఈ బిల్డింగు అద్దె కట్టేశారాయన. ముందు నా ఉద్యోగం పోతుంది. సువాస్ మళ్లీ ఏజెంటు ఇంటి ముందు."

"చెప్పకపోతే ఏమవుతుందక్కా?"

"ష్. ఆయనే, బజ్రాచార్య సార్. మెట్లెక్కుతున్నారు."

"ఏమ్మా నిర్జలా, టీ అయిందా? ఎవరీ అబ్బాయి? ఇంకో అడ్మిషనా?"

"టీ అయింది సార్."

"సరేనమ్మా. ఎవరితను?"

"అడ్మిషన్ కాదు సార్. మన తిలక్ సార్, దాంగ్ నుంచి... మూడు రోజులు ముందే వచ్చేశారు. అయ్యో, మీరు లేవకండి సార్, కూచోండి. ఆదివారం నుంచి మా సువాస్‌కి చదువు చెప్పాల్సింది మీరే కదా."