కడిగిన పలకలు

ఫిజీ తీరంలో ఒక చేపలవాళ్ళ ఊరు. ఊరి తరఫున నీళ్ళలో ఈదే పగడపు పిల్లల్ని సముద్రంలో సన్నవల కట్టి సాకుతున్న సకియూసా దగ్గరికి, అతని మేనత్త కొడుకు విలికేసా పొద్దున్నే మత్తుపానీయం చేసుకునే యంగోన వేర్ల కట్టతో వచ్చి చాప మీద కూర్చున్నాడు.

“ముందు ఈ వేర్లు అందుకో బావా. తర్వాత చెప్తా.”

“ముందు చెప్పు. తర్వాత అందుకుంటా.”

“అలా కుదరదు. యంగోన అందుకున్నవాడు కోపం పెట్టుకోకూడదని ఆచారం కదా. చెప్పాక నువ్వు అందుకోవు.”

“అంత పెద్ద తప్పా? మీ పంది మళ్ళీ మా చామతోటలో పడిందా?”

“పంది కాదు.”

“పడవ ముంచావా?”

“పడవ బంగారంలా ఉంది. అందుకో బావా, చేతులు లాగేస్తున్నాయి.”

“సరే, ఇటు తే. అందుకున్నా. ఆచారం ప్రకారం చప్పట్లు కూడా కొట్టా, విన్నావుగా? ఇప్పుడు చెప్పి ఏడు.”

“పగడాల దిబ్బ పక్కన నువ్వు నానేసిన సిమెంటు పలకలున్నాయి చూడు...”

“పోయిన వానాకాలం నుంచీ నానాయి. మొన్న వలలోకి దించమని నీకే చెప్పాను. దించావుగా?”

“దించా. దించేముందు కడిగా.”

“కడిగావా.”

“శుభ్రంగా. కొబ్బరిపీచుతో. మన ఊరి దొరగారు చూడ్డానికొస్తున్నారన్నారు కదా. అవేమో గులాబీరంగు పాచి గట్టిగా పట్టేసి అసహ్యంగా ఉన్నాయి. ఊరి పరువు పోతుందని...”

“ఆ పాచి కోసమేరా ఇన్నాళ్ళు నానబెట్టింది. పగడపు పిల్ల ముందు ఆ వాసన పట్టుకుని వస్తుంది. తాకి చూస్తుంది. నచ్చితేనే అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కుందా, బతికినన్నాళ్ళూ అక్కడే.”

“శుభ్రంగా ఉంటే అతుక్కోదా?”

“అతుక్కోదు. తాకి చూసి పోతుంది.”

“మా ఆవిడ పొద్దస్తమానం శుభ్రం శుభ్రం అంటుంది మరి.”

“మీ ఆవిడ పగడం కాదు.”

“ఆ మాట నువ్వే చెప్పు ఆవిడకి.”

“పరాచికాలాపు విలీ. పోయినేడు వేడికి దిబ్బంతా తెల్లబడి చచ్చింది. మిగిలిన నాలుగు పగడాలూ ఏడాదికోసారే గుడ్లు వదుల్తాయి. ఈసారి పిల్లలు పోతే మళ్ళీ వచ్చే ఏడే, అప్పటిదాకా అవి బతికుంటే. దిబ్బ లేకపోతే చేప లేదు. చేప లేకపోతే ఊరూరంతా చెరకుతోటల్లో కూలికి పోవాలి. నాకు భయమేస్తోందిరా.”

“తెలుసు బావా. కడిగిన పలకల మీద ఒక్క పిల్లా దిగట్లేదని చూసే, నిద్రపట్టక వచ్చా. కానీ అన్నీ కడగలేదు.”

“ఏమన్నావు?”

“చేతులు నొప్పెట్టాయి. సగం పలకలు ఒడ్డుదగ్గర నీళ్ళలోనే ఓ బండ వెనక దాచేశా. ఇప్పుడే చూసొచ్చా, గులాబీగానే ఉన్నాయి. పద, వలలో దించేద్దాం. పిల్లలకింకా ఓపికుంటుంది కదా?”

“ఉంటుంది. రేపటిదాకా ఉంటుంది.”

“మరింకేం? లేవవేం బావా?”

“చెవిలో చీము పట్టిందని నేను నీళ్ళలో దిగలేదు కదా.”

“అవును.”

“రోజూ పడవలోంచే చూశా. పిల్లలు తిరుగుతూనే ఉన్నాయి, ఒక్కటీ దిగట్లేదు.”

“అదే కదా, నా వల్లే.”

“నీ వల్లని నాకేం తెలుసు? ఈసారి పుట్టినవే పనికిరానివి అనుకున్నా.”

“అనుకుని?”

“ఇవాళ తెల్లారగానే వల విప్పేసి, అన్నిటినీ సముద్రంలోకి వదిలేశా.”