చిక్కిపోయిన బరువు బాబాయ్

పరుపుల ఫ్యాక్టరీలో ఉద్యోగుల కోసం కొత్తగా పెట్టిన జిమ్ము. ఓనరు గారు చూడ్డానికి వస్తున్న రోజు పొద్దున్నే, సిబ్బంది వ్యవహారాలు చూసే అమ్మాయి తలుపు తీసింది. లోపల ఒక్కరే ఉన్నారు. పరుపుల మీద పడుకుని వాటిని పరీక్షించే ఉద్యోగి, ఫ్యాక్టరీ అంతా బరువు బాబాయ్ అని పిలిచే మనిషి.

“ట్రెడ్‌మిల్లు మీద ఆరేసిన తువ్వాళ్లు తియ్యాలి. సైకిలు హ్యాండిలుకి తగిలించిన క్యారేజీలు ఎవరివి వాళ్లకిచ్చెయ్యాలి. అద్దం తుడవాలి. ఆ ఫ్యాను కిర్రుమనకుండా ఎవరైనా ఎక్కి చూడాలి. డంబెల్సు స్టాండు మీద వరసగా సర్దాలి. డంబెల్సేవి బాబాయ్?”

“ఉన్నాయిలే.”

“ఎక్కడున్నాయి?”

“ఉన్నాయన్నానుగా. ముందా తువ్వాళ్ల సంగతి చూడు.”

“స్టాండు మీద ఒక్కటంటే ఒక్కటి లేదు. కాసేపట్లో ఓనరు గారొస్తారు. జిమ్ము పెట్టించి ఇనుమంతా పోగొట్టిందంటే నా పరువేం కాను? ఒకసారి ఇటు తిరగండి.”

“తిరిగితే చప్పుడవుతుంది.”

“ఏం చప్పుడు?”

“టంగుమని.”

“బాబాయ్. ఆ చొక్కా కింద ఏమున్నాయి?”

“పొట్ట.”

“పొట్ట కాక?”

“డంబెల్సు.”

“అయ్యో రామా.”

“కుట్టు సెక్షను అక్క పరుపు గుడ్డతో నడుం పట్టీ కుట్టిచ్చింది. చుట్టూ జేబులే. ఎంత బాగా కుట్టిందనుకున్నావ్, వంగినా జారవు. వారం నుంచి స్నానానికి తప్ప విప్పలేదు. మొన్న ఆదివారం మనవరాలి దగ్గరికి పోతే, ఎత్తుకున్నప్పుడల్లా టంగుటంగుమంటుంటే గిలక్కాయనుకుని ఒకటే నవ్వు.”

“ఎలా కుట్టిందని కాదు నేనడిగేది. ఎందుకు కట్టుకున్నారు?”

“చిక్కిపోయాను అమ్మాయ్.”

“ఏమయ్యారు?”

“చిక్కిపోయాను. తగ్గిపోయాను. నీ జిమ్ములో ఆ మూల తూకం మిషనుంది చూడు, అదే చెప్పింది. తొంభై ఎనిమిది.”

“తొంభై ఎనిమిదా? మీరు నూట పది కదా?”

“నూట పది కాబట్టే కదా నాకీ ఉద్యోగం. బక్కవాళ్ల పరుపులకి బక్కాయన ఉన్నాడు, మధ్యరకానికి మధ్యరకం మనిషున్నాడు, బరువు రకానికి నేను. నేను పడుకుని సరే అంటే ముద్ర కొడతారు. దిగిపోతోంది అంటే ఇంకో పొర పీచు వేస్తారు. ఇప్పుడు నేను చిక్కిపోయి, ఆ సంగతి తెలీక మెత్తటి పరుపుకి సరే అన్నాననుకో. కొన్నవాళ్లు అందులో మునిగిపోరూ?”

“అందుకని...”

“అందుకని తగ్గిన పన్నెండు కిలోలూ కట్టుకుని పడుకుంటున్నా. మనిషిని తొంభై ఎనిమిది, ఇనుము పన్నెండు. లెక్క సరిపోయిందా?”

“సరిపోయింది కానీ బాబాయ్, జిమ్ములో చేరిన రోజు తూకం చూసుకున్నారా?”

“లేదు. జనం ముందు మిషనెక్కాలంటే సిగ్గేసింది. నెల దాటాక పోనీలే అని ఎక్కా.”

“జనమెవరున్నారు? ఇక్కడికొచ్చేది మీరొక్కరేగా.”

“అదేంటి, కుట్టు సెక్షను వాళ్లు వస్తారుగా.”

“ఏసీ ఉందని ట్రెడ్‌మిల్లు అంచు మీద వరసగా కూర్చుని అన్నాలు తిని వెళ్తారు. లోడింగు వాళ్లని రమ్మంటే, పొద్దంతా పరుపులు మోసింది చాలక సాయంత్రం ఇనుము మొయ్యాలా అంటారు. ఆఫీసు వాళ్లు చెమట పడుతుందంటారు. చెమట పట్టకుండా చేసే కసరత్తు ఉంటే చెప్పమన్నాడు అకౌంటెంటు.”

“నేల మీద చేసేవి ఉంటాయిగా. దానికోసమే కదా అక్కడ మన పరుపు పరిపించావ్.”

“అదే నేను చేసిన తప్పు. పల్చటి చాప వెయ్యాల్సిన చోట మన ఫ్యాక్టరీ కదా అని డబుల్ పరుపు వేయించా. ఎవరొచ్చినా దాని మీద వాలి గురకపెడుతున్నారు. మొన్న వాచ్‌మన్‌ని లేపడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది.”

“పోనీ నేను వస్తున్నానుగా.”

“మీరు వస్తున్నారనే నా దిగులు. మిమ్మల్ని బతిమాలి తీసుకొచ్చింది నేను. ఎవరూ రావట్లేదు బాబాయ్, మీరైనా రండి బాబాయ్ అని వెంటపడ్డాను. ఇప్పుడు మీ ఉద్యోగానికే ఎసరు పెట్టాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. చదివి చేసిన మొదటి ఘనకార్యం ఇదా?”

“ఊరుకో తల్లీ.”

“ఒక పని చెయ్యండి. ఇవాళ్టి నుంచి జిమ్ముకి రాకండి. బాగా తినండి. పిన్నికి నేను చెప్తాను. రెండు నెలల్లో మళ్లీ నూట పది అవుతారు.”

“అది మాత్రం కుదర్దు.”

“ఎందుకు కుదర్దు?”

“కుదర్దంటే కుదర్దు. వదిలెయ్.”

“ఉద్యోగం పోతుంది బాబాయ్.”

“మా అమ్మాయి వాళ్లిల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మనవరాలు పుట్టిన దగ్గర్నుంచి నేను పైకెక్కలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చుంటే, మా అమ్మాయి పిల్లనెత్తుకుని కిందికి దిగేది. అది నన్ను చూసి వాచ్‌మన్ తాతనుకుంది. పోయిన నెల మొదటిసారి ఎక్కా. ఆయాసపడి, మెట్టుమెట్టుకీ ఆగి, ఎలాగోలా ఎక్కా. మొన్నయితే ఎక్కడా ఆగలేదు. ఆ మొదటిసారి తలుపు నేనే కొట్టా. ఎవరూ అని లోపల్నుంచి అడిగింది మా అమ్మాయి. నేనేనమ్మా అన్నా నమ్మలేదు. నాన్న గేటు దగ్గరుంటాడు, మీరెవరూ అంది.”

“నాకెప్పుడూ చెప్పలేదే.”

“చెప్పుకునేదేముంది. మీ పిన్నికి కూడా చెప్పలేదు. మళ్లీ ఎక్కలేకపోతే నవ్వుతుందని.”

“పిన్నికి తెలీకుండా ఎలా ఉంటుంది? పన్నెండు కిలోలు తగ్గితే ప్యాంట్లు వదులైపోవూ?”

“వదులవలేదు. ఇంకా బిగుసుకున్నాయి. ఆవిడ వేణ్ణీళ్లలో ఉతుకుతుంది, ముడుచుకుపోయుంటాయి. అదుగో, కారు చప్పుడు.”

“ఓనరు గారే. చొక్కా సర్దుకోండి. అటు కాదు, ఎడం పక్క పొడుచుకొస్తోంది. కదలకండి. వంగకండి. ఊపిరి గట్టిగా పీల్చకండి. నమస్కారం సార్.”

“నమస్కారమమ్మా. ఏం పెద్దాయనా, బాగున్నారా? అదేంటి, అలా కొయ్యబారి నిల్చున్నారు?”

“కసరత్తు సార్. కదలకుండా చేసేది.”

“భేష్. స్టాండు మీద డంబెల్సు కూడా ఒక్కటీ మిగల్లేదే. అన్నీ వాడకంలోనే ఉన్నాయన్నమాట.”

“అన్నీ వాడకంలోనే ఉన్నాయి సార్.”

“ఇదమ్మా నేను కోరుకుంది. నేను కూడా సాయంత్రాలు మీరంతా వెళ్లాక వచ్చి కాసేపు సైకిలు తొక్కుతున్నా. ఎనిమిది కిలోలు తగ్గాను తెలుసా. సరే, జిమ్ము సంగతి తర్వాత. పెద్దాయనా, మీతోనే పని. బరువు రకం పరుపులు వెనక్కొస్తున్నాయి. ఈ వారం పంపినవి.”

“అయిపోయింది.”

“ఏమన్నారు?”

“ఏం లేదు సార్. మెత్తగా ఉన్నాయంటున్నారా?”

“మెత్తగానా? ఒకాయన దాని మీద బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాట్ట. ఇంకొకావిడ, పిల్లలు దాని చుట్టూ కూర్చుని హోంవర్కు రాసుకుంటున్నారు, బల్ల ఎందుకు పంపారో అర్థం కాలేదు అని ఫోను చేసింది. పరుపు మీంచి బంతి ఎగిరి ట్యూబులైటు పగిలిందని మూడో ఆయన.”

“గట్టిగా ఉన్నాయా సార్? మెత్తగా కాదూ?”

“ఏంటమ్మా, నీకు గట్టిగా ఉంటే నచ్చలేదా? పెద్దాయనా, ఇదుగో ఇక్కడున్నది కూడా మన బరువు రకమే. పాతది, బాగున్నది. ఒకసారి దీని మీద పడుకుని చెప్పండి ఎలా ఉందో.”

“ఇప్పుడా సార్?”

“పడుకోవడమేగా మీ పని.”

“నడుం పట్టేసింది సార్.”

“పడుకుంటే పోతుంది. కానివ్వండి. మెల్లిగా... ఏమిటా చప్పుడు?”

“మోకాళ్లు సార్.”

“మోకాళ్లు ఇనుములా మోగుతాయా?”

“వయసు సార్.”

“సరే. పరుపెలా ఉంది?”

“దిగిపోతోంది సార్. ఇంకో పొర పీచు కావాలి.”

“పదేళ్లుగా బాగున్న పరుపుకి ఇంకో పొరా? అందుకే బల్లలవుతున్నాయి. పెద్దాయనా, నిజం చెప్పండి, ఒంట్లో బాగోలేదా? లేవండి. ఏంటి, లేవలేకపోతున్నారా?”

“తిరగబడ్డ తాబేలైపోయాను సార్. అమ్మాయ్, చెయ్యందుకో.”

“సార్, నేను చెప్తాను. తప్పు నాది.”

“నువ్వూరుకో అమ్మాయ్.”

“లేదు బాబాయ్. సార్, ఈయన నడుముకి మీ డంబెల్సు కట్టుకున్నారు. జిమ్ముకొచ్చి పన్నెండు కిలోలు తగ్గిపోయారు. ఉద్యోగం పోతుందని ఆ లోటు ఇనుముతో పూడ్చుకుంటున్నారు. రమ్మని ప్రాణం తీసింది నేను. సగం మంది వస్తున్నారని మీకు చెప్పింది అబద్ధం. వచ్చేది ఈయనొక్కరే. ఎవరినైనా తియ్యాలంటే నన్ను తియ్యండి.”

“పన్నెండు కిలోలా?”

“అవును సార్. నన్ను మధ్యరకంలోకి మార్చినా సరే. జీతం తగ్గించినా సరే. జిమ్ము మాత్రం మూసెయ్యకండి.”

“ఆగండి ఆగండి. ఎక్కడ చూసుకున్నారు తూకం?”

“ఇక్కడే సార్. ఈ మూల మిషను మీద.”

“దీని మీదా.”

“దీని మీదే.”

“అమ్మా, ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యి.”

“వేశాను సార్.”

“ఈ మాట బయటికి పోకూడదు. ఆ మిషను ఎవరెక్కినా పన్నెండు కిలోలు తక్కువ చూపిస్తుంది. నేనే అలా పెట్టించా.”

“మీరా సార్? ఎందుకు?”

“ఎందుకేంటమ్మా. మొదటి రోజు మనిషి కాస్త సంతోషంగా ఇంటికి పోతేనే కదా రెండో రోజు వచ్చేది. నీ జిమ్ము నిలబడాలనే చేశా. ఎవరో వచ్చి దాన్ని నమ్ముతారని, నమ్మి డంబెల్సు కట్టుకుంటారని నేను కలగన్నానా?”

“మరి మీరు ఎనిమిది కిలోలు తగ్గానన్నారు?”

“అన్నాను.”

“ఈ మిషను మీదేనా సార్?”

“తెలిసినా సంతోషంగానే ఉంటుందమ్మా. ఆ సంగతి వదిలెయ్.”

“వదిలెయ్యడమేంటి సార్. పన్నెండు తీసేసి చూపించే మిషను మీద మీరు ఎనిమిదే తగ్గారంటే...”

“వదిలెయ్యమన్నానా. పదండి గోడౌన్లోకి. పీచు బేళ్లు తూచే కాటా ఉంది, దానికి మొహమాటం తెలీదు. పెద్దాయనా, పట్టీ విప్పండి. అమ్మా, అది పట్టుకో.”

“అబ్బ, ఎంత బరువు బాబాయ్ ఇది. వారం రోజులు ఎలా మోశారు?”

“అలవాటైపోయింది.”

“ఇదుగో కాటా. ఎక్కండి పెద్దాయనా. చెయ్యి తియ్యండి, గోడ పట్టుకోకూడదు. రెండు కాళ్లూ లోపల పెట్టండి. ఆ. చదువమ్మా.”

“నూట పదకొండు సార్.”

“పదకొండా? పెరిగానా?”

“ఒక కిలో పెరిగారు బాబాయ్.”

“జిమ్ముకెళ్లి పెరిగానా?”

“కండ అనుకోండి. అయితే ఈయన ఉద్యోగం సార్?”

“ఉద్యోగానికేమైంది? ఒక కిలో ఎక్కువిస్తుంటే వద్దంటానా. రేపట్నుంచి పట్టీ లేకుండా పడుకోండి, పరుపులు వాటంతట అవే దారికొస్తాయి. జిమ్ముకి మాత్రం మానకండి. అమ్మా, ఆ మిషను సరిచేయించు.”

“ఇవాళే చేయిస్తాను సార్.”

“ఇవాళే వద్దు. ఇంకో నెల ఉండనీ.”

“ఏం బాబాయ్, కిందికి దిగరేం? గండం గడిచిందిగా. నవ్వండి కాస్త.”

“తగ్గలేదు కదమ్మాయ్ నేను.”

“తగ్గలేదు.”

“తగ్గకపోతే మరి మూడో అంతస్తు ఎలా ఎక్కాను?”

“ఏమో బాబాయ్. ఎక్కారుగా.”

“ఎక్కాను. మొన్న ఆదివారం ఎక్కడా ఆగలేదు. తలుపు కొట్టాను, పిల్లనెత్తుకున్నాను.”

“మొన్న ఆదివారం... అప్పుడు పట్టీ కట్టుకునే వెళ్లారు కదా బాబాయ్?”

“కట్టుకునే వెళ్లా. అది గిలక్కాయనుకుందని చెప్పానుగా.”

“అంటే నూట పదకొండు కిలోల మనిషి, పైన ఈ ఇనుమంతా.”

“అవును... ఇనుము కూడా.”

“ఆగకుండా.”

“అమ్మాయ్, ఆ ఫోనిలా ఇవ్వు. మీ పిన్నికి చెప్పాలి.”

ఎప్పుడైనా మీ ఇంటికి కొత్త పరుపొచ్చి, వాలగానే నడుముకి బల్లలా తగిలితే, ఫ్యాక్టరీని తిట్టుకోకండి. అది ఆ వారం చేసిందై ఉంటుంది, మార్చి ఇస్తారు. ఈలోగా బరువు బాబాయ్‌ని ఒక్కసారి తలుచుకోండి. ఆదివారమైతే ఆయన ఈపాటికి మూడో అంతస్తులో తలుపు కొడుతుంటారు.