గట్టిగా అను, అల్లుడూ

అపార్ట్‌మెంటు కింద సెల్లారు. నేలలో నీళ్ళ సంపు. మూత పక్కన తాడు పట్టుకుని మామ. ఆ తాడు రెండో కొస నడుముకి కట్టుకుని, లోపల గోడలు రుద్దుతూ అల్లుడు.

"ఆగావేం? అల్లుడూ! ఎందుకాగావ్?"

"ఆగలేదు మామా, రుద్దుతూనే ఉన్నా."

"చేతి సంగతి కాదు, నోటి సంగతి. నోరెందుకాగింది?"

"మనసులో అనుకుంటున్నా."

"ఏంటీ?"

"మనసులో! మనసులో అనుకుంటున్నా, సుబ్‌హానల్లాహ్ అని!"

"మనసులో అనుకోడానికి ఇంట్లో మంచముంది. సంపులో దిగినవాడు పైకే అనాలి. గట్టిగా అను."

"సుబ్‌హానల్లాహ్! చాలా?"

"చాలా అని అడిగావంటే చాలదని నీకే తెలుసు. ఆపకుండా అంటూ ఉండు."

"అంటూ రుద్దితే ఊపిరి చాలట్లేదు మామా. చేతికి బలం రావట్లేదు."

"ఊపిరి చాలకపోతే పైకి రా. అందుకేగా అనమనేది! నీ గొంతు వినపడుతున్నంతసేపూ నువ్వున్నట్టు. ఆగిందంటే నేను తాడు లాగాలి. మా నాన్న కాలం నుంచీ ఇదే పద్ధతి."

"దిగేముందు దీపం దించి చూశాంగా! ఆరిపోలేదుగా!"

"అప్పుడు గాలి బాగానే ఉంది. నువ్వు అడుగున బురద కదిపాక? ఎన్నాళ్ళు మూసిపెట్టారో ఈ సంపుని. ఆ బురద కింద ఏ పాడుగాలి ఉందో నీకు తెలుసా, నాకు తెలుసా? ఒక్కసారి తల తిరిగిందంటే కేకెయ్యడానికి కూడా టైముండదు నీకు."

"సరే సరే, భయపెట్టకు. సుబ్‌హానల్లాహ్... సుబ్‌హానల్లాహ్..."

"ఇంకొంచెం పెంచు."

"సుబ్‌హానల్లాహ్! అల్‌హమ్దులిల్లాహ్! అల్లాహు అక్బర్!"

"హమ్మయ్య. అదీ. అలా రానీ."

"పెద్దాయనా! పెద్దాయనా! మిమ్మల్నే అండీ! ఎన్నిసార్లు పిలవాలి?"

"అమ్మో! ఎప్పుడొచ్చావ్ వాచ్‌మన్ బాబూ? సంపు మీద ధ్యాసలో ఉన్నా."

"వెనకే నిలబడి గొంతు చించుకుంటున్నానండీ. మొదటి అంతస్తు మేడమ్ గారు పంపారు. ఫోన్లో ఏదో మీటింగులో ఉన్నారంట. నేల కిందనుంచి ఎవరో కేకలేస్తున్నారని అవతలివాళ్ళు కంగారు పడుతున్నారంట."

"ఎవరో కాదు, మా అల్లుడే. కంగారేం లేదని చెప్పు."

"ఇంతకీ ఏమంటున్నాడండీ?"

"దేవుడు పరిశుద్ధుడు అంటున్నాడు. పొగడ్తంతా ఆయనదే అంటున్నాడు. ఆయనకన్నా గొప్పవాడు లేడంటున్నాడు."

"మోకాళ్ళ దాకా బురదలో నిలబడి పరిశుద్ధుడా! బావుందండీ. కానీ కాస్త మెల్లగా అనమనండి. నా ఉద్యోగానికొచ్చేలా ఉంది."

"మెల్లగా అంటే కుదరదు బాబూ. వాడి చేతిలో బ్రష్షు ఎంత అవసరమో, ఇదీ అంతే."

"పైనుంచి ఆర్డరండీ, నన్నేం చెయ్యమంటారు? పైగా నీళ్ళ ట్యాంకర్ బయల్దేరిందంట. అదొచ్చేలోపు మీరు కడగడం అయిపోవాలి, లేకపోతే అందరూ నా మీద పడతారు."

"మామా! ఎవరది? ఏమంటున్నారు?"

"ఏం లేదు, నీ పని నువ్వు చూసుకో! గట్టిగా అను!"

"విన్నాలే! వాచ్‌మన్ గారూ, మెల్లగానే అంటానని చెప్పండి ఆవిడకి!"

"చల్లగా ఉండు బాబూ! చూశారా పెద్దాయనా, మీకన్నా ఆయన నయం. వస్తానండీ."

"ఏంట్రా అల్లుడూ, ఎవరో ఏదో అంటే గొంతు దించేస్తావా?"

"ఎవరో అన్నారని కాదు మామా. మొన్న శుక్రవారం నమాజు తర్వాత మసీదులో ఒకాయన చెప్పాడు. నలుగురూ వినాలని దేవుణ్ణి తలచుకుంటే అది చూపించుకోవడమేనంట. పుణ్యం మాట అటుంచి, పాపం చుట్టుకుంటుందంట."

"ఆ సంపులో ఎవరున్నార్రా నువ్వు చూపించుకోడానికి? కప్పలా?"

"పైన నువ్వున్నావుగా."

"నాకు చూపించుకుంటే నీకొచ్చేదేముంది? పిల్లనెప్పుడో ఇచ్చేశాను."

"నవ్వులాట కాదు మామా. మనసులో ఏముందో ఆయనకి తెలీదా? పైకి అంటేనే తెలుస్తుందా?"

"ఎందుకు తెలీదు? మనసుకి దాని వంతు దానికుంది, కాదన్నానా? మరి నాలుకకి వంతు లేదా? పొద్దున్నుంచీ ఈ నాలుకతోనే బేరాలాడతాం, పక్కవాణ్ణి తిడతాం, అబద్ధాలు చెప్తాం. వాటన్నిటికీ నోరు తెరుచుకుంటుంది. ఆయన పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం మూసుకోవాలా?"

"అది వేరు, ఇది వేరు..."

"ఏం వేరు? కొండా, చెట్టూ, పురుగూ, అన్నీ ఆయన్ని పొగుడుతూనే ఉంటాయని నువ్వే చదివి వినిపించావు నాకు. అవేమంటాయో మనకి తెలీదు. నీకు మాట్లాడే నోరిచ్చాడు. వాడుకో. అదీ గాక, మసీదు మీంచి అజాన్ పిలుపు ఎంత దూరం వినపడితే అంత దూరం రాయీ రప్పా తీర్పురోజున సాక్ష్యం చెప్తాయంటారు. ఈ గోడలు కూడా చెప్పాలి కదరా, వీడు మమ్మల్ని రుద్దుతూ రుద్దుతూ నిన్నే పొగిడాడు ప్రభువా అని."

"ఈ నాచు కూడా చెప్తుందా?"

"గీకెయ్యకముందు వినిపిస్తే చెప్తుంది."

"మాటల్లో నిన్నెవరు గెలుస్తారు! సరే, పైకే అంటా. ఆవిడ కోసం కాస్త తగ్గించి అంటా."

"తగ్గించకు."

"తగ్గిస్తే కొంపలేం మునుగుతాయి మామా?"

"తగ్గించకన్నానా! నా మాట విను. నీ గడ్డం పట్టుకుని బతిమాలుతున్నాననుకో."

"ఎందుకింత పట్టుదల? ఇదివరకు నీకిది లేదు. అప్పుడప్పుడూ పేరు పెట్టి పిలిచేవాడివి, నేను ఊఁ అంటే ఊరుకునేవాడివి. ఈమధ్యే మొదలైంది, గట్టిగా, గట్టిగా అని."

"వయసు మీద పడుతోంది. భయం పెరుగుతోంది. అంతే."

"అంతేనా?"

"అంతే అన్నానుగా. పని కానియ్."

"ఇంట్లోనూ అలాగే ఉన్నావు. నీ కూతురు నిన్న ఏడ్చింది."

"ఏంటీ?"

"ఏడ్చింది అంటున్నా! నీ కూతురు! నాన్న పిలిస్తే పలకడు, నేను మాట్లాడుతుంటే లేచి వెళ్ళిపోతాడు, నేనేం తప్పు చేశాను అని ఏడ్చింది!"

"దాని మీద నాకు కోపమేంట్రా? నా ప్రాణం అది."

"ఆ ముక్క దానికి చెప్పు. నాకెందుకు?"

"చెప్తాలే. ముందా మూల తెమల్చు. అను."

"అంటున్నా బాబూ. సుబ్‌హానల్లాహ్... సుబ్‌హానల్లాహ్..."

"అల్లుడూ?"

"సుబ్‌హానల్లాహ్... సుబ్‌హానల్లాహ్..."

"అల్లుడూ! అనవేం?"

"అంటున్నాగా... సుబ్‌హానల్లాహ్... అల్‌హమ్దులిల్లాహ్..."

"ఒరే, పలకరా! చీకట్లో నాకేం కనపడట్లేదు! పలుకు! వాచ్‌మన్! ఎవరైనా రండయ్యా! గొంతు ఆగిపోయింది! రండి, తాడు పట్టండి!"

"ఏయ్! మామా! ఆగు, ఏంటిది... నడుం! నడుం కోసుకుపోతోంది!"

"ఏమైందండీ? ఏంటా కేకలు?"

"పడిపోయాడు బాబూ! లోపల పడిపోయాడు! పట్టు, తాడు పట్టు!"

"పడిపోవడమేంటండీ, ఆయన అరుస్తున్నా..."

"పట్టమంటే పట్టవేం! లాగు! యా అల్లాహ్, నా బిడ్డ మొగుడు! లాగు!"

"మామా, నిచ్చెన! నిచ్చెనకి తగులుతున్నా, ఆపు! అబ్బా!"

"వచ్చేశాడు, చెయ్యి అందుకోండి. ఆఁ. కూర్చోబెట్టండి పెద్దాయనా."

"బతికున్నావా? ఒరే, నా వైపు చూడు. ఊపిరి తీసుకో. మెల్లగా. తల తిరుగుతోందా?"

"నాకేమైందని తల తిరగడానికి? మోచెయ్యి చూడు, తోలు లేచిపోయింది! నిచ్చెన కడ్డీ తగిలి నుదురు బొప్పి కట్టింది! ఎందుకు లాగావ్?"

"ఆపేశావు. అనడం ఆపేశావు నువ్వు."

"ఎప్పుడాపాను? అంటూనే ఉన్నా! నువ్వు పిలిస్తే జవాబు కూడా చెప్పా! అడుగు ఈయన్ని!"

"అవునండీ పెద్దాయనా. ఆ మెట్ల దగ్గర నించున్నా నాకు వినపడింది. ఇప్పుడు బావుంది, మేడమ్ గారు ఏమీ అనరు అనుకుంటూనే ఉన్నా."

"విన్నావా? ఆయనకి వినపడిందంట, అంత దూరానికి! నీకు వినపడలేదా?"

"నీళ్ళు తేవయ్యా బాబూ. మంచినీళ్ళు. దెబ్బ కడగాలి."

"తెస్తానండీ."

"నీళ్ళ సంగతి తర్వాత. ఆ మసీదులో ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు మామా. ఒకసారి ప్రయాణంలో జనం గొంతులెత్తి అల్లాహు అక్బర్ అని అరుస్తుంటే ప్రవక్త గారే ఆపారంట. ఎందుకు మిమ్మల్ని మీరు కష్టపెట్టుకుంటారు, మీరు పిలిచేది చెవిటివాణ్ణి కాదు, దగ్గర లేనివాణ్ణీ కాదు అన్నారంట. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే నా చేత ఇంత అరిపిస్తున్నావా? ఆయనేమన్నా చెవిటివాడా?"

"ఆయన కాదు."

"మరి? ఆయన కాకపోతే మరెవరు?"

"నీళ్ళు వస్తున్నాయేమో చూడు."

"మామా. అటు తిరుగు."

"ఎందుకు?"

"తిరుగు చెప్తా. గోడవైపు. ఇక నుంచి తాడు నీ చేతికివ్వను మామా. ఊఁ, ఇటు చూడు. నువ్వు గోడవైపు తిరిగున్నప్పుడు నేనేమన్నాను?"

"ఏమీ అన్లేదుగా?"

"యా అల్లాహ్."

"ఏమన్నావ్? నిజంగా ఏమన్నా అన్నావా?"

"ఎప్పట్నుంచి? మామా, ఎప్పట్నుంచి ఇలా!"

"అరవకు. ఎదురుగా నీ మొహం చూస్తే మాట తెలుస్తుందిలే. ఒక్కసారిగా పోలేదు. ముందు కుడి చెవి పోయింది. ఎడమది ఉందిగా అనుకున్నా. అదీ పోతోంది. సంపులోంచి గట్టిగా అంటే గోడలు పట్టుకుని పైకి తోస్తాయి మాటని, అది తెలుస్తుంది. మామూలుగా మాట్లాడితే తెలీదు."

"మరి ఇన్నాళ్ళూ తాడు పట్టుకుని కూర్చున్నావే! నేను నీ చెవుల్నే నమ్ముకుని దిగుతున్నా లోపలికి!"

"నా చేతులకేం కాలేదురా. వినపడకపోతే లాగేస్తా. వెయ్యిసార్లు తప్పుగా లాగుతా గానీ, లాగాల్సినప్పుడు లాగకుండా ఉండను."

"ఒక్క మాట చెప్పాల్సింది నాకు."

"చెప్తే ఇంట్లో కూర్చోమంటావు."

"అంటా! ఎందుకనను? ఇవాళ తప్పుగా లాగావు, బతికిపోయా. రేపు నాకు నిజంగా తల తిరిగి, నేను గొణుగుతుంటే అది నీకు అన్నట్టు తోస్తే? అప్పుడు నీ కూతురికి ఎవరు సమాధానం చెప్తారు?"

"నువ్వన్నది న్యాయం. తిట్టు. ఇంకా తిట్టు."

"తిట్టడానికి నోరు రావట్లేదు. నీ కూతురేమో కోపమనుకుని ఏడుస్తోంది, నువ్వేమో ఇది మోసుకుని తిరుగుతున్నావు. ఇంటికెళ్ళి ముందు దానికి చెప్పు. డాక్టరుకి చూపిద్దాం."

"చెప్తా. చూపిద్దాం."

"నీళ్ళండీ. ట్యాంకర్ గేటు దాకా వచ్చేసింది. ఇంకెంత మిగిలింది బాబూ?"

"ఒక్క మూల. దిగి గీకేస్తా. వాచ్‌మన్ గారూ, కాసేపు ఈ తాడు పట్టుకుంటారా?"

"నేనా? నాకేం తెలుసండీ ఈ పని?"

"తెలియాల్సిందేం లేదు. నేను లోపల అంటూ ఉంటా. నా గొంతు ఆగితే లాగండి. గేటు వైపు వెళ్ళకండి, ఫోనొచ్చినా తియ్యకండి."

"అంతే కదా, లాగుతా. పెద్దాయనా, ఇలా ఇవ్వండి తాడు."

"మామా, ఇవ్వు. ఇచ్చెయ్యి. వేళ్ళు వదులు మామా."

"ఇదిగో. జాగ్రత్త బాబూ. ఒక చుట్టు చేతికి తిప్పుకో. ఆఁ, అలా."

"ఇక నువ్వెళ్ళి బయట నీడన కూర్చో. పది నిమిషాల్లో వచ్చేస్తా."

"నన్ను పంపెయ్యకురా."

"ఇక్కడుండి ఏం చేస్తావు మామా? తాడు ఆయన దగ్గరుంది. నీకేం పనుంది ఇక్కడ?"

"ఏ పనీ లేదు. మూత పక్కన కూర్చుంటానంతే. రేపు ఎల్లుండి ఎక్కడ పనికెళ్ళినా, తాడు ఎవరు పట్టుకున్నా, నన్ను మాత్రం తీసుకెళ్ళు."

"ఎందుకని అడుగుతున్నా."

"మసీదులో ముందు వరసలో నిలబడుతున్నా. ఇమాం గారు వంగితే వంగుతున్నా, లేస్తే లేస్తున్నా. అజాన్ ఏదో హోరులా వస్తుంది, అందులో మాట తెలీదు. నా నోటితో నేను అనుకుంటూనే ఉంటా, కానీ ఇంకొకరి నోట ఆయన పేరు వినడం వేరురా. అది నాకిప్పుడు నువ్వు ఈ గుంటలో దిగి గట్టిగా అన్నప్పుడు తప్ప ఇంకెక్కడా వినపడట్లేదు."