కదిలిందన్న ఫొటో

ఆళ్లగడ్డలో పెండ్లి ఫొటోలు తీసే శాంతయ్యకు ఆ రోజు కూడా పని లేదు. పొద్దున్నించి ఒకటే ముసురు. నిర్మల టీ అంగట్లో బల్ల మీద ముడుచుకుని కూర్చున్నాడు. నంద్యాల పోయి కొత్త లెన్సు కొనుక్కొచ్చిన హరీష్ అడిగాడు: "అన్నా, గీతలు పడకుండా దీని ముందర ఫిల్టర్ అద్దం బిగించాల్నా, వద్దా?"

తనను ఎవరైనా సలహా అడిగి చాన్నాళ్లయింది. శాంతయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"అద్దానికి ఇంకో అద్దమెందుకప్పా? నా లెన్సు ఏ ఫిల్టరూ లేకుండా అహోబిలంలో నాలుగు మెట్లు దొర్లింది. గీత గూడా పడలా."

"నాలుగేనా?" అన్నాడు జీపు డ్రైవరు డేనియల్.

"నలభై! ఆ తర్వాత ఏమైందో తెల్సునా? దొర్లుకుంటా పోయి లోయలో పడె, ఆడ ఎలుగుబంటి తేనెపట్టనుకొని కొరికె, దాని పన్ను ఇరిగె గానీ అద్దం ఇరగలా, అది కోపంతో బండకేసి కొడితే బండ రెండు చెక్కలాయె, మర్నాడు నేను దిగి చూస్తే లెన్సు తళతళా మెరుస్తాంది!"

"ఎలుగుబంటిని ఫొటో గూడా తీసుంటాదిలే," అని నవ్వాడు డేనియల్.

"నవ్వు! ఈ పొద్దుకీ దాంతోనే తీస్తాండా."

నిర్మల నవ్వలేదు. "అది పడిందెప్పుడన్నా?"

"పోయినేడు శివరాత్రికి." అనేశాక గాని నోరు జారానని తెలియలేదు.

"మా అమ్మను నువ్వు ఫొటో తీసింది ఆ తర్వాతొచ్చిన ఈస్టర్‌కు."

ఆ ఫొటో శాంతయ్య వెలుతురుకు ఎదురుగా తీశాడు. ముసలామె మొగమంతా తెల్లటి పొగ కమ్మినట్టు వచ్చింది. లెన్సు మీది గీతల వల్లేనని అతనికి అప్పుడే తెలుసు. చెబితే ఇక పెండ్లిళ్లకు ఎవరూ పిలవరని, ఆమె కదిలిందన్నాడు. మళ్లీ తీస్తానన్నాడు. ఆ నెలలోనే ఆమె పోయింది.

"ఒక్క నిమిషం కదలకుండా కూసోలేవా అని అమ్మను తిట్టినా," అంది నిర్మల. "రెండు దినాలు మాట్లాడలేదు ఆమెతో. నిజ్జంగా కదిలిందా?"

ఇంకో కోత శాంతయ్య నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"లేదమ్మా. నా లెన్సే గీసుకపోయింది. ఆయమ్మ ఊపిరి బిగబట్టి కూసున్యాది. 'బాగా పడతాండానా నాయనా' అని అడిగింది."

నిర్మల కొంగుతో మొగం తుడుచుకుంది.

"అమ్మ ఏమనిందో మళ్లా చెప్పన్నా," అంది. "ఏమీ కలపకుండా."