కాపీది కాదు తప్పు

క్యాంపస్‌లో చెట్టు కింద కూర్చుని, పాత రాక్ బ్యాండ్లలో ఎవరు గొప్పో వాదించుకుంటున్నారు డ్రమ్మర్ సామేలు, అతని రూమ్మేట్ శశిభూషణ్.

“లెడ్ జెప్పెలిన్‌ను మించినోళ్లు లేరు భై,” అన్నాడు సామేలు. “గని నువ్వు పంపిన ఆల్బమ్ కాపీ బేకార్. సింబల్స్, గా డ్రమ్స్ మీది ఇత్తడి పళ్లాల చప్పుడే లేదు.”

“లేకపోవడమేంట్రా? చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. నా ఇయర్‌ఫోన్స్‌తో విను.”

సామేలు కళ్లు మూసుకుని సగం పాట విన్నాడు.

“ఇందుల గూడ లేవు.”

“ఉన్నాయిరా. ప్రాక్టీసయ్యాక చెవుల్లో కూత వస్తోందా?”

“రోజూ వస్తది.”

“తార్నాకలో చెవుల డాక్టరున్నాడు. లే, వెళ్దాం.”

“పోయిన నెలనే పోయిన. డ్రమ్స్ బంద్ చెయ్, లేకుంటే ఉన్న వినికిడి గూడ పోతదన్నడు.”

“మరి కాపీ బాలేదంటావేంట్రా?”

“కాపీదే తప్పయితే మంచిగుండు అనుకున్న.”

“మానెయ్‌రా సామేలూ.”

“కొడితే చెవులు పోతయ్. మానేస్తే నేనే పోత.”

శశిభూషణ్ ఇయర్‌ఫోన్స్ చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

“ఎల్లుండి షో ఉన్నది. నువ్వు ముందట నిలబడి కాలుతోటి తాళం వెయ్యి. చూసుకుంట కొడత.”

“నీ చెవులు పోవడానికి నన్ను తాళం వెయ్యమంటావా?”

“ఇంకెవర్ని అడగాలె, శశీ?”