తొంభై రెట్ల వేగం

మూడున్నరకి టీ మెషిన్ దగ్గర చేరినవాళ్ళలో కొత్తావిడ ఒక్కతే నవ్వట్లేదు. పిల్లాడి కోసం ఆరేళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ ఉద్యోగంలో చేరిందావిడ. సర్వర్ డేటా పంపే వేగం పెంచమంటే మూడు నెలలు కిందా మీదా పడింది. తీరా పెరిగింది పదకొండు శాతం. నాలుగింటికి మీటింగ్‌లో అది చూపించాలి. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే మళ్ళీ ఇంటికే. పదకొండని నోటితో చెప్పడానికే సిగ్గేసి, 'నా మార్పు వెనక్కి తీసుకుంటున్నా' అని మెయిల్ రాసి పెట్టుకుంది. ఇంకా పంపలేదు.

ఆఫీసులో అందరికంటే పెద్దవాడు గిగాబైట్ బాబాయ్ మాత్రం మంచి ఊపు మీదున్నాడు.

"నేను పొడిచేసిందేం లేదర్రా. ప్రోగ్రామ్‌లో నాలుగు లైన్లు మార్చా, అంతే. అప్పట్లో మన ఆపరేటింగ్ సిస్టమ్ ఏం చేసేదీ? డేటాని ఇక్కణ్ణుంచి అక్కడికి కాపీ, అక్కణ్ణుంచి ఇంకోచోటికి కాపీ, అప్పుడు గానీ బయటికి పంపేది కాదు. చెప్పులేసుకుని కూడా గుమ్మం దగ్గర అరగంట కబుర్లు చెప్పే చుట్టంలాగ! ఆ కాపీలన్నీ పీకేశా. వేగం రెట్టింపు!"

"అబ్బో!" అన్నాడు టెస్టర్.

"ఆగవయ్యా, అప్పుడే ఏం చూశావ్? సాయంత్రానికి పది రెట్లు. మర్నాడు తొంభై! నెట్‌వర్క్ కార్డు కాలిపోతోంది, దాని మీద నా చొక్కా ఇస్త్రీ చేసుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జనం అడక్కముందే జవాబు వెళ్ళిపోవడం మొదలెట్టింది! అవతలివాడు వేలు ఎత్తుతున్నాడు, ఇంకా నొక్కలేదు, పేజీ వచ్చేసింది!"

"చోద్యం కాకపోతే!"

"అదేం చూశావ్, మా మేనేజర్ తిట్టిన మెయిల్ ఒకటొచ్చింది. తప్పు నేను మర్నాడు చెయ్యాల్సింది! తిట్టు ముందే తినేశా కదాని, ఆ తప్పు చెయ్యడం మానేశా."

అందరూ పడీ పడీ నవ్వారు. కొత్తావిడ మాత్రం లెక్క వేసుకుంది. అందులో చాలావరకు కోతలే అనుకున్నా, పదో వంతు నిజమైనా, తొమ్మిది రెట్లు. తన పదకొండు శాతం ఏ మూలకి? ఫోన్ తీసి ఆ మెయిల్ తెరిచింది.

"బాబాయ్," అంది కప్పు కడుక్కుంటున్న సర్వర్ రూమ్ అక్క, "ఆ తొంభై వచ్చిన రోజు కేబుల్ ఊడిపోయుంది కదూ?"

బాబాయ్ టీ కప్పు అందుకున్నాడు.

"ఈయన పంపే మెషిన్ దగ్గరే కొలిచాడమ్మా. అవతల చేరిందో లేదో చూసుకోలేదు. అది 'పంపేశా, పంపేశా' అంటోంది, ఈయన రాసుకుంటున్నాడు. ఎవరికీ పంపకపోతే ఎంత వేగమైనా వస్తుంది! మూడో రోజు నేనే వెళ్ళి కేబుల్ పెట్టా."

"పెట్టాక ఎంతొచ్చింది బాబాయ్?" అంది కొత్తావిడ.

"ఎనిమిది," అన్నాడు కప్పులోకి చూస్తూ.

"ఎనిమిది రెట్లా?"

"రెట్లెక్కడివే తల్లీ! శాతం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఆ ఎనిమిది కోసం అంతకుముందు ఏడాది కూర్చున్నాడు," అంది అక్క మెల్లగా. "మన సర్వర్లన్నిట్లో ఈ రోజుకీ నడుస్తున్నది అదే."

కొత్తావిడకి కళ్ళు చెమర్చాయి. "నాది పదకొండు," అంది.

బాబాయ్ చటుక్కున తలెత్తాడు. "నా ఎనిమిది మీదా? కేబుల్ పెట్టే ఉందా?"

"ఉంది బాబాయ్. అవతలి మెషిన్ దగ్గరే కొలిచా. ఇరవై సార్లు."

"మరి ఇక్కడ కూర్చున్నావేం? లే! నాలుగవుతోంది!"

ఆవిడ మెయిల్ చెరిపేసి మీటింగ్ రూమ్ వైపు గబగబా నడిచింది. తలుపు తీస్తుంటే వెనక నుంచి బాబాయ్ గొంతు వినిపించింది.

"ఈ అమ్మాయి పెద్దగా చేసిందేం లేదర్రా, నాలుగు లైన్లు మార్చింది, అంతే. వేగం నూట పదకొండు రెట్లు!"