చేత్తో ఒక చుట్టు

ఆరేళ్లుగా మూతపడి ఉన్న నూలు మిల్లు రేపు పొద్దున తెరుస్తున్నారు. పెద్ద ఇంజను తిరిగిందా, నూట ఇరవై మందికి మళ్లీ పని. తిరక్కపోతే పాత ఇనుము కింద తూచి అమ్మేస్తానని యజమాని ముందే చెప్పేశాడు. దాన్ని లేపే బాధ్యత ఇంజను మేస్త్రీది. ఆయనేమో మిల్లు గేటు ఎదుట టీ కొట్టు బల్ల మీద కూర్చుని, సంతాపసభలో మాట్లాడేవాడంత గంభీరంగా మొదలెట్టాడు.

"ఆరేళ్లు కూడా ఒక లెక్కేనా! ఏటి అవతలి మిల్లులో తొమ్మిదేళ్లు పడుకున్నదాన్ని లేపాను నేను. నన్ను చూడగానే తుప్పు దానంతటదే రాలిపోయింది."

"తుప్పుకి కూడా మీరంటే హడలేనా బావా?" అన్నాడు బావమరిది, బన్ను నములుతూ.

"నవ్వకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపల పిచ్చుకలు నాలుగు తరాలుగా కాపురం ఉంటున్నాయి. మూడు రోజులు గడువిచ్చి మర్యాదగా ఖాళీ చేయించాను. అప్పుడు ఇంజను దగ్గరికెళ్లి 'లేమ్మా, పొద్దెక్కింది' అన్నా. అంతే! డీజిలు పోయకముందే దగ్గింది. ఒక్క దగ్గుకి ఊళ్లో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. రెండో దగ్గుకి కరెంటాఫీసు వాళ్లు పరుగెత్తుకొచ్చి, 'అయ్యా, మా తీగల్లో కరెంటు వెనక్కి పారుతోంది, కాస్త నెమ్మదించమని చెప్పండి' అని ఒకటే బతిమాలడం. వింటుందా? మిల్లు మిల్లంతా పునాదులతో సహా జానెడు ముందుకు జరిగింది. చివరికి నేనే భుజం ఆనించి వెనక్కి నెట్టాను."

"భుజం నొప్పెట్టలేదా అన్నా?" అంది టీ కొట్టామె.

"ఎడమది కొంచెం. కుడిదాని అవసరమే రాలేదు."

అందరూ పడీ పడీ నవ్వారు. బల్ల చివర కూర్చున్న, మిల్లులో నూలు కండెలు చుట్టే సెక్షన్ ఆమె ఒక్కతే నవ్వలేదు.

"మేస్త్రీగారూ, ఆ మిల్లు ఇంజను గదిలో మా నాన్న నూనె పోసేవాడు. ఆ రోజు అక్కడే ఉన్నాడు. ఇంజను లోపల వాననీళ్లు నిలిచున్నాయి. మీరు చూసుకోకుండా ఇంజన్ని లేపే గాలి వాల్వు తిప్పేశారు. ఒకే ఒక్క దెబ్బ. రాడ్డు వంగిపోయింది. సాయంత్రానికి గేటుకి తాళం పడింది. ఆ మిల్లు మళ్లీ తెరవలేదు."

మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. ఇన్నేళ్లుగా ఆ కథని ఎంత పెంచుకుంటూ పోయినా, ఆ దెబ్బ చప్పుడు మాత్రం ఆయన చెవుల్లోంచి పోలేదు.

"ఇంజనుకున్న కొళాయిలు తెరిచి, పెద్ద చక్రం చేత్తో ఒక చుట్టు తిప్పి చూడమన్నాడు మీ నాన్న," అన్నాడు మెల్లగా. "తిప్పి ఉంటే నీళ్లు బయటికొచ్చేసేవి. గంట పని. నా అంతవాడికి అదెందుకులే అన్నాను."

"మరి రేపు?"

"తిప్పుతాను." నేలచూపులు చూస్తూ అన్నాడు: "అది ఒక్కడి వల్ల కదలదమ్మా. ఆరుగురైనా పట్టాలి. యజమాని రాకముందే, ఐదింటికి."

బావమరిది బన్ను పక్కన పెట్టి "నేనొస్తా బావా" అన్నాడు. టీ కొట్టామె, బల్ల మీది మిగతావాళ్లు కూడా తలూపారు.

"నేనూ వస్తా," అంది కండెలామె. "కానీ కొళాయి దగ్గర నేనే నిలబడతాను. నీళ్లన్నీ పోయాయని నేను చెప్పేదాకా వాల్వు మీద మీ చెయ్యి పడకూడదు."

"పడదమ్మా," అన్నాడు మేస్త్రీ.